చుక్కల లెక్క నుంచి రంగుల కొలత దాకా

1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు. యంత్రానికి తెలిసినవి రెండే: నలుపు, తెలుపు. మధ్య ఛాయలు రావాలంటే అదే ఫొటోను మళ్లీ మళ్లీ స్కాన్ చేసి కలపాల్సి వచ్చింది.

గ్రంథాలయాలు ఈ పని అందుకున్నది చాలా కాలానికి. కాగితంలోని ఆమ్లం వల్ల పెళుసుబారి, ముట్టుకుంటే విరిగే పుస్తకాలను 1990 ప్రాంతంలో కార్నెల్ విశ్వవిద్యాలయం జిరాక్స్ కంపెనీతో కలిసి అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసింది. అదీ నలుపు తెలుపుల్లోనే. మన కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముందుండి నడిపిన, పుస్తకాలను స్కాన్ చేసే మిలియన్ బుక్ ప్రాజెక్టు కూడా అదే కొలత పట్టుకుంది. ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంట్లో కూర్చుని చదువుకోగలుగుతున్నామంటే ఆ శ్రమ పుణ్యమే.

అచ్చు పుస్తకానికి అది చాలు. గంటంతో గీసి మసి పూసిన తాళపత్రానికి, సిరా వెలిసిపోయిన ఉత్తరానికి, రంగుల బొమ్మలున్న ప్రతికి చాలదు. పైగా లెన్సు మసకగా ఉంటే 600 చుక్కలూ మసకే. చుక్కలు లెక్కపెట్టడం మాని, బొమ్మ అసలుకు ఎంత దగ్గరగా ఉందో కొలవాలన్న ఆలోచన బలపడింది ఇందుకే. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

కొలిచే సాధనం అప్పటికే ఉంది: 1976లో వచ్చిన 24 రంగుల గళ్ల మ్యాక్‌బెత్ పట్టీ. ఏ గడి ఏ రంగో ముందే కొలిచి ఉంటుంది. స్కాన్‌లో అది ఎంత తేడాగా పడిందో చూస్తే యంత్రం చేసే పొరపాటు అంకెల్లో బయటపడుతుంది. కొంచెం వాలుగా పెట్టిన నల్లటి అంచు ఎంత పదునుగా వచ్చిందో చూస్తే లెన్సు సత్తా తెలుస్తుంది. వెలుతురు పేజీ అంతటా సమంగా పడిందా అన్నదీ లెక్కలోకే వస్తుంది.

ఇలాంటి కొలతలతో అమెరికా జాతీయ దస్తావేజుల భాండాగారం (నేషనల్ ఆర్కైవ్స్) 2004లో స్కానింగ్‌కు మార్గదర్శకాలు వెలువరించింది. 2007లో అక్కడి ప్రభుత్వ సంస్థలు కలిసి ఫాడ్జీ అనే వేదిక పెట్టుకుని, ఆ తర్వాత స్కాన్ నాణ్యతకు ఒకటి నుంచి నాలుగు దాకా నక్షత్రాలు ఇచ్చే పద్ధతి తెచ్చాయి. నెదర్లాండ్స్‌లో మెటామోర్‌ఫోజె పథకం 2012లో కఠినమైన నియమాలు పెట్టింది. ఈ దారులన్నీ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) వారి 19264-1 పత్రం దగ్గర కలిశాయి. 2017లో సాంకేతిక నిర్దేశంగా మొదలై, 2021లో అది పూర్తి స్థాయి అంతర్జాతీయ ప్రమాణమైంది.

మీ ఇంట్లో తాతల నాటి తాటాకులో, ఉత్తరాలో ఉంటే ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక రంగుల పట్టీ, ఒక స్కేలు పెట్టండి. ఫొటో తీసేశాం కదా అని అసలు ప్రతిని మాత్రం పారేయకండి.