గ్వాదర్రామ కొండలమీది బడి

మద్రీదు నగరమునకు చదువుకొఱకై పరదేశములనుండి వచ్చిన విద్యార్థులు సెలవుదినమున గుంపుగా రైలెక్కి, థెర్థెదీయ యను గ్రామమున దిగి, గ్వాదర్రామ పర్వతములపై పగలంతయు నడచి, ప్రొద్దుగ్రుంకువేళకు బసకు మరలివచ్చుట నేడు సాధారణమైన వాడుక. సంచిలో రొట్టె, నీళ్లు, కాళ్లకు గట్టి జోళ్లు. ఇంతకంటె కావలసిన దేమియు లేదు. వారిలో పెక్కుమంది కిది వినోదమాత్రము. కాని యా కొండదారిని బడిపిల్లలను మొదట నడిపించినవారు వినోదమునకై నడిపింపలేదు. వారు ఉద్యోగములు పోగొట్టుకొన్న ఉపాధ్యాయులు.

1875లో, స్పెయిను దేశమున పదచ్యుతమైన రాజవంశము మరల సింహాసన మెక్కినంతనే, విద్యావ్యవహారములు చూచు మంత్రి ఓరోవియో ఒక ఉత్తరువు వెలువరించెను. కతోలిక మతమునకుగాని రాజరికమునకుగాని విరుద్ధమైన దేదియు విశ్వవిద్యాలయములలో బోధింపరాదని దాని తాత్పర్యము. మద్రీదులో న్యాయతత్త్వము బోధించుచుండిన ఆచార్యుడు ఫ్రాన్సిస్కో హినేర్ దానికి లోబడలేదు. అతనిని పట్టుకొని దూరమున సముద్రతీరమందలి కాదిస్ కోటలో నిర్బంధించిరి; ఉద్యోగమునుండి తొలగించిరి. సాల్మెరోన్, అస్కారతె మొదలగు ఆచార్యుల పదవులును పోయెను. వీరు చేరి 1876లో మద్రీదున స్వతంత్ర విద్యాసంస్థ నొకదానిని నెలకొల్పిరి. దొరతనమువారి ధనము లేదు, ఉత్తరువులు లేవు. 1878లో అందే చిన్నపిల్లల తరగతులు తెఱచిరి. ఆ పిల్లల తరగతులే ఆ సంస్థకు ప్రాణమయ్యెనని నా యభిప్రాయము.

అచ్చట పరీక్షలు లేవు, బహుమానములు లేవు, బెత్తము లేదు. పాఠ్యపుస్తకమును వల్లించుటకు మాఱుగా బాలుడు తాను చూచినదానిని, విన్నదానిని తన పుస్తకమున తానే వ్రాసికొనవలెను. బాలురును బాలికలును కలసి చదువవలెనని వారి మతము. చిత్రశాలకు, కర్మాగారమునకు, పొలమునకు పోవుట సెలవునాటి ముచ్చట గాక పాఠక్రమమున భాగమే. మన బడులలో విహారయాత్ర యనిన బస్సు, పులిహోర పొట్లము, ఛాయాచిత్రము, తలలు లెక్కించుకొని తిరిగివచ్చుట! వారు మరలివచ్చిన పిదప చూచినదానిని వ్రాయించిరి. అట్టి యాత్రల వృత్తాంతములు 1877 నుండి వెలువడిన సంస్థాపత్రికలో అచ్చయ్యెను.

1883 వేసవిని హినేర్ తన శిష్యుడును సహాధ్యాపకుడునగు కొస్సీయోతోను, కొందఱు విద్యార్థులతోను గ్వాదర్రామ కొండలను కాలినడకను దాటెను. అప్పటి కాతనికి నలువదిమూడేండ్లు. ఆ వయసుననే యున్న నావంటి ఉపాధ్యాయునికి ఆ సంగతి కొంచెము సిగ్గును, కొంచెము ఉత్సాహమును కలిగించును. ఆ కాలమున కొండ యనిన కట్టెలు కొట్టువారిది, గొఱ్ఱెలకాపరులది. చదువుకొన్నవారికి అచ్చట పని యేమి యని తలచువారే యెక్కువ. కాని యొక్కదినపు నడకలో అచ్చట లభించు పాఠము లెన్ని! దక్షిణపు వాలున పడిన వాన తాహో నదిని చేరును. ఉత్తరపు వాలున పడినది దుయేరోను చేరును. ఫుయెన్‌ఫ్రీయ కనుమలో రోమకుల నాటి బాట జాడ నేటికిని కలదు. పెన్యలార శిఖరము 2,428 మీటర్ల యెత్తు. దాని క్రింది లోయలో 1390లో వెలసిన పౌలార్ మఠము. పటములో రెండు కాస్తీలులను వేఱుచేయు గీత యైనది కాళ్లకు నిజమైన గోడగా తెలియును. 1886లో హినేర్, భూగర్భశాస్త్రజ్ఞుడగు మక్‌ఫర్సన్ మొదలగువారు ఈ కొండలను పరిశోధించుటకు ప్రత్యేకముగా ఒక సంఘమునే స్థాపించిరి.

ఈ నడక యలవాటు శాస్త్రమునకు చేసిన మేలునకు ఒక్క నిదర్శనము చాలును. మరీయా గోయ్రీ 1896లోనే మద్రీదు విశ్వవిద్యాలయమున పట్టము పొందిన విదుషి. 1900లో ఆమెయు, ఆమె భర్త మెనెందెథ్ పిదాలును వివాహానంతరము సీద్ వీరుని ప్రాచీన కావ్యమున చెప్పబడిన దారి వెంట ప్రయాణించిరి. ఓస్మ పట్టణమున ఒక చాకలి స్త్రీ యొక పాట పాడెను. అది 1497లో మరణించిన రాజకుమారుని గూర్చిన గాథ యని ఆ దంపతులు గుర్తించిరి. కాస్తీలులో అట్టి గాథలు జనుల నోట నశించెనని పండితులు తలచుచుండిరి. నాలుగు శతాబ్దులు పుస్తకములకు చిక్కనిది రేవుగట్టున దొరకెను. దంపతు లిరువురును ఆజన్మాంతము ఆ గాథలను సేకరించిరి. మన యిండ్లలో దంపుళ్లపాటలు పాడిన ముసలమ్మలను తలచుకొనిన, ఆ చాకలి స్త్రీ మనకు పరాయిది గాదు.

విదేశీయుల మాట తరువాతిది. ఆ సంస్థ భావములే ప్రేరణముగా 1907లో స్పెయిను విద్యార్థులను ఇతర దేశములకు పంపుటకు ఒక మండలి యేర్పడెను. 1910లో మద్రీదున విద్యార్థి నివాసమును, 1915లో స్త్రీలకు వేఱొక నివాసమును వెలసెను. పరదేశీయులకు వేసవి పాఠములు 1912లో ప్రారంభమయ్యెను. అమెరికాలోని స్మిత్ కళాశాల యువతులు 1930లో ఒక సంవత్సరము చదువుటకు మద్రీదునకు వచ్చిరి. 1923లో థెర్థెదీయనుండి నవథెర్రాద కనుమకు విద్యుద్రైలు నడచినందున నగరవాసులకు కొండ సుగమమయ్యెను.

ఇందొక కొఱత గలదు, దానిని దాచరాదు. ఆ బడిపిల్లలు నగరమందలి కలిగినవారి బిడ్డలు. వారు గొఱ్ఱెలకాపరి బిడ్డను చూచి వ్రాసికొనిరి. ఆ బిడ్డకు బడి పెట్టినవారు కారు. 1931లో, వృద్ధుడైన కొస్సీయో అధ్యక్షుడుగా, యువకులును యువతులును కంచరగాడిదలపై పుస్తకములు, చలనచిత్రయంత్రము, ప్రసిద్ధ చిత్రముల నకళ్లు వేసికొని మాఱుమూల పల్లెలకు పోవుట మొదలిడిరి. అయిదువేలకు మించి చిన్న గ్రంథాలయములను పంచిరి. కొఱత తీరుటకు అర్ధశతాబ్ది పట్టెను. తీరనారంభించిన అయిదేండ్లకే, 1936లో, అంతర్యుద్ధము వచ్చెను. 1940లో దొరతనమువారు సంస్థ ఆస్తులను స్వాధీనపఱచుకొనిరి. పూర్వవిద్యార్థియగు బెస్తెయిరో ఆ యేడే కారాగారమున మరణించెను.

ఆ యుద్ధమున ఇరుపక్షముల సైన్యములు గ్వాదర్రామ శిఖరములపైననే యెదురుబొదురుగ నిలిచెను. 2013లో ఆ పర్వతభాగము జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. థెర్థెదీయలో రైలు దిగి నడచు విద్యార్థులకు దేవదారు నీడలలో రోమకుల బాటయు, దానికి కొంత దూరమున, గడ్డి మొలచిన కందకములును కనబడుచున్నవి.