నాటాల్ వలస తెలుగువారి వంశ అన్వేషణ

దక్షిణ ఆఫ్రికాలోని నాటాల్‌కు 1860 - 1911 మధ్యకాలంలో మద్రాసు, కలకత్తా రేవుల నుండి 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వీరిలో తెలుగువారు కూడా గణనీయమైన సంఖ్యలో కలరు. ఇట్లు వెళ్ళిన పూర్వీకుని ఊరు, వృత్తి, కుటుంబ వివరాలను ప్రభుత్వ దస్తావేజుల ద్వారా గుర్తించుటను వంశ అన్వేషణ అంటారు.

ఓడ జాబితాలు
మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరినది. ఓడ జాబితాలలో ప్రతి కూలీకి ఒక వలస సంఖ్య ఇవ్వబడినది. దాని ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులము, జిల్లా, ఊరు, పుట్టుమచ్చలు నమోదు చేసేవారు. గుమాస్తాలు తెలుగు పేర్లను తాము విన్నట్లు ఇంగ్లీషులో వ్రాయుటచే ఒకే పేరు పలు రూపాలలో కనిపిస్తుంది. అందువలన పేరు కంటే వలస సంఖ్యయే నమ్మదగిన ఆధారము.

జిల్లా పేర్లు
జాబితాలోని జిల్లా పేరు నాటి పాలనా విభజనను అనుసరించి ఉంటుంది. ఉదాహరణకు గుమ్మఘట్ట నేడు అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రము. కానీ అది ఉన్న రాయదుర్గం తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా కూడా 1882లోనే బళ్ళారి నుండి విడివడి ఏర్పడినది. కావున ఈ ప్రాంతపు పూర్వీకుని అనంతపురం పేరుతో వెదకిన దొరకకపోవచ్చును; బళ్ళారి జిల్లా క్రింద చూడవలెను.

వృత్తి వివరాలు
కులము గడిలో కమ్మరి, వడ్రంగి వంటి పేరున్నను, నాటాల్‌లో అతడు ఆ పనే చేసినట్లు భావించరాదు. ఒప్పంద కూలీలలో అధికులు చెరకు తోటలకే పంపబడినారు. ఒప్పందము ముగిసిన పిదప చేపట్టిన వృత్తి తరువాతి పత్రాలలో తెలియును. ముఖ్యముగా ఆస్తి పరిష్కార దస్త్రాలలోని మరణ ప్రకటన పత్రము మృతుని వృత్తి, జన్మస్థలము, తల్లిదండ్రులు, సంతానము పేర్లను తెలుపుతుంది. వర్తకులైనచో 1897 చట్టము క్రింద పొందిన వ్యాపార అనుమతులను కూడా చూడవచ్చును.

పరిమితులు
సొంత ఖర్చులతో వెళ్ళిన ప్రయాణికుల పేర్లు కూలీల జాబితాలలో ఉండవు. జాబితాలో పేరు, జిల్లా కలిసినంత మాత్రమున బంధుత్వము నిర్ధారణ కాదు. తండ్రి పేరు, ఊరు, వయసు కూడా సరిపోవలెను. లేనిచో వేరొక కుటుంబపు పూర్వీకుడు తమవాడుగా నమోదయ్యే ప్రమాదము కలదు.