పరాయి ఘటం

మా తరం విజ్ఞానశాస్త్ర వాచకాలలో టార్చిలైటు సెల్లును ‘అనార్ద్ర ఘటం’ అనేవారు. ఘటమంటే కుండ, వేదాంతులకు దేహం కూడాను. కుండ ఎవరు చేసినా నీరు నిలిచినట్లే, సెల్లు ఏ కంపెనీదైనా లైటు వెలిగేది. ఆ పెన్‌సైజు సెల్లుకు అమెరికాలో 1947లోనే ప్రామాణికమైన కొలతలు ఏర్పడ్డాయి. ఘటానికి కులగోత్రాలు అడగటం డిజిటల్ కెమెరాలతో బలపడింది.

మొదట్లో అక్కడా ఆ పట్టింపు లేదు. 1995లో వచ్చిన కాసియో క్యూవీ-10 నాలుగు పెన్‌సైజు సెల్లులతో నడిచేది. వెనుకనున్న చిన్న తెర వాటి శక్తిని గటగటా త్రాగేసేదే గాని, కొత్తవి ఏ వీధి కొట్టులోనైనా దొరికేవి. ఈలోగా లిథియం-అయాన్ ఘటం వచ్చింది. 1991లో సోనీ దానిని తొలిసారి అంగడికి తెచ్చింది. బరువు తక్కువ, సత్తువ ఎక్కువ. కానీ కెమెరాలలోకి వచ్చేసరికి దీనికి అందరూ ఒప్పుకున్న కొలత లేకపోయింది. ఎవరి అచ్చు వారిది, ఎవరి ధర వారిది.

కానన్ వారి బీపీ-511నే చూడండి. 2000లో వచ్చిన ఈఓఎస్ డీ30 మొదలు 2008 నాటి 50డీ వరకు ఎన్నో కెమెరాలకు అదే ప్రాణం. ప్లాస్టిక్ పెట్టెలో రెండు 3.7 వోల్టుల సెల్లులు, వాటికొక రక్షణ సర్క్యూటు, ఇంతే రహస్యం. అన్ని కెమెరాలకు ఒకే ఘటమైనప్పుడు ఇతరులు ఊరకుంటారా? అదే ఆకారంలో, కొద్దిపాటి ధరకు పోసి అమ్మారు. వీరిని తృతీయ పక్షం అంటున్నారు. వ్యాకరణంలో తృతీయా విభక్తికి ‘చేత, తోడ’ ప్రత్యయాలు కనుక, తోడు వచ్చినవాడని నేను అన్వయించుకుంటాను.

తోడు వచ్చినవారందరూ సత్పురుషులని కాదు. అసలు బీపీ-511ఏ మీద 1390 మిల్లీ ఆంపియర్-అవర్ అని ఉంటే, అంతకు మించిన అంకెలు నిస్సంకోచంగా అచ్చువేసినవారున్నారు. ఆ బడాయిని క్షమించవచ్చు. రక్షణ సర్క్యూటులో పొదుపు చేయటం క్షమింపరానిది. లిథియం సెల్లు సుమారు 4.2 వోల్టులకు చేరగానే ఛార్జింగు ఆగాలి. ఆపేవాడు లేకపోతే వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, అంటుకోనూవచ్చు. అయితే అసలు ముద్ర ఉన్నంత మాత్రాన అభయం లేదు. 2005లో నికాన్ తన సొంత ఈఎన్-ఈఎల్3 ఘటాలనే, వేడెక్కి కరిగే ప్రమాదముందని వెనక్కి పిలిపించింది.

తరువాత తాళాల కాలం వచ్చింది. 2008లో కానన్ ఎల్‌పీ-ఈ6కు ఒక చిప్పు పెట్టింది. కెమెరా ప్రశ్నిస్తుంది, ఘటం బదులు చెబుతుంది. చెప్పలేనిదానిని పరాయిదని అనుమానిస్తుంది. 2009లో పానసోనిక్ మరొక అడుగు వేసి, కొన్ని లూమిక్స్ కెమెరాలు తన ఘటాన్ని మాత్రమే అంగీకరించేలా ఫర్మ్‌వేర్‌ను మార్చింది. కారణం భద్రత అన్నది. 2013లో కొన్ని నికాన్ కెమెరాలలోనూ కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోగానే అంతవరకు పనిచేసిన పరాయి ఘటాలు నిలిచిపోయాయి. భద్రత మాట అబద్ధం కాదు. కానీ కెమెరా అమ్మేనాడే చెప్పిన షరతు వేరు. ఇల్లు అమ్మేశాక వచ్చి తాళం మార్చటం వేరు. ఆ తాళాలకు మారుతాళపుచెవులు చేసేవారూ బయలుదేరారనుకోండి.

ఇంతకూ కంపెనీయే కెమెరాల నుంచి తప్పుకుంటే? కొనికా మినోల్టా 2006లో ఆ పనే చేసింది. అది 2004లో తెచ్చిన 7డీ కెమెరాకు ఎన్‌పీ-400 అనే ఘటం కావాలి. యంత్రం చెక్కుచెదరకున్నా ఘటం ముసలిదవుతుంది. కొన్నేళ్లకు వాడకపోయినా క్షీణిస్తుంది. అలాంటి అనాథ కెమెరాల చేత నేటికీ కన్ను తెరిపిస్తున్నది ఈ తృతీయ పక్షమే.

నేను తాళపత్రాలను ఫోటో తీసుకునే పాత కెమెరాలోనూ పరాయి ఘటమే ఉన్నది. ఛార్జింగులో పెట్టి నిద్రపోను. ప్రక్కలు ఉబ్బినదానిని కెమెరాలోకి బలవంతంగా నెట్టను. ఒక తాళపత్ర గ్రంథం ముగిసేసరికి రెండు ఘటాలు ఖాళీ అవుతున్నాయి గనుక మూడవదానికి కబురు పెట్టాను.