అమ్మ గాజులు, నాయన యమహా

మా వసారాలో ఒక మూల పాత దుప్పటి కప్పుకుని ఒక బండి ఉంటుంది. 1991లో కొన్న యమహా ఆర్ఎక్స్ 100. నంబరు ఏపీ 03తో మొదలవుతుంది. అంటే చిత్తూరు బండి. ఇప్పుడు మేముండేది తిరుపతి, తిరుపతి కూడా విడిగా జిల్లా అయిపోయింది. బండి మాత్రం చిత్తూరుదే. మా నాయనది.

మొన్న ఆదివారం దీని మీద ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవ చెప్పే ముందు బండి కథ చెప్పాలి. విసుక్కోకండి, ఇందులో మన ఆడవాళ్ళ కథ కూడా ఉంది.

మా అబ్బాయి ఇంజనీరింగు రెండో ఏడాది. వాడి ఫోను నిండా జపాన్ పాత స్పోర్ట్స్ కార్ల బొమ్మలే. డాట్సన్ 240జెడ్ అంటాడు, స్కైలైన్ అంటాడు. అన్నం తింటూ కూడా అదే ధ్యాస. ఒకరోజు తెల్లటి కారొకటి చూపించి, "అమ్మా, ఇది టొయోటా 2000జీటీ. 1967 నుంచి 70 దాకా చేసింది మూడు వందల పైచిలుకు కార్లే. 2013లో ఒకటి వేలంలో పది లక్షల డాలర్లు దాటింది" అన్నాడు. నేను కూర కలుపుతూ ఊఁ కొట్టాను. "దీని ఇంజను తయారీలో చెయ్యి వేసింది మన యమహావాళ్ళేనమ్మా. లోపల డాష్‌బోర్డు చెక్క కూడా వాళ్ళు పియానోలకు వాడే చెక్కే" అన్నాడు. అప్పుడు గరిటె పక్కన పెట్టాను. పియానో చెక్కతో కారా?

అవునట. యమహా మొదలైంది బళ్ళతో కాదు, వాయిద్యాలతో. 1887లో తొరకుసు యమహా అనే ఆయన జపాన్‌లోని హమమత్సు ఊళ్ళో, బడిపిల్లల పాటలకు వాడే విదేశీ ఆర్గాన్ పాడైతే బాగు చేశాడు. బాగు చేస్తూ చేస్తూ తనే ఒకటి చేసేశాడు. దాన్ని పెద్దలకు చూపించడానికి తోడుకు ఒకరిని పెట్టుకుని, హకోనె కొండలు దాటి టోక్యో దాకా భుజాల మీద మోసుకెళ్ళాడని చెబుతారు. ఆడికృత్తికకు మనవాళ్ళు తిరుత్తణికి కావడి మోసినట్టు ఊహించుకున్నాను నేనైతే. ఆ కంపెనీ 1955లో మోటారు సైకిళ్ళలోకి దిగింది. మొదటి బండి ఎర్రగా సన్నగా ఉండేది కాబట్టి జనం దాన్ని ఎర్ర తూనీగ అన్నారు. ఈసారి యమహా బండి కనబడితే ట్యాంకు మీద గుర్తు చూడండి. మూడు శ్రుతిదండాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా తుడుస్తున్నాను, నాకు తెలీనే తెలీదు.

జపాన్‌వాళ్ళ ఆ కార్లు మన దేశానికి వచ్చే దారి అప్పట్లో లేదు. దిగుమతుల మీద అంత కట్టడి ఉండేది. సుజుకీతో కలిసి మారుతి 800 వచ్చిందే 1983 డిసెంబరులో. అదీ చిన్న సంసారానికి కారే గానీ పందేలకు కాదు. మన కుర్రాళ్ళ సరదా తీర్చిన జపాన్ బళ్ళు రెండు చక్రాలవి. ఎనభైల మొదట్లో ప్రభుత్వం విదేశీ కంపెనీలతో కలిసి నూరు సీసీ లోపు బళ్ళు చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది. అందుకే ఆ నాలుగు బళ్ళ పేర్ల చివరా నూరే ఉంటుంది. మనకు దగ్గర్లో హోసూరులో టీవీఎస్‌వాళ్ళు చేసిన ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100 ముందు వచ్చింది. తరువాత హీరో హోండా సీడీ 100, ఆర్ఎక్స్ 100, బజాజ్‌వాళ్ళ కావసాకీ కేబీ 100. అంతకు ముందే 1983లో ఎస్కార్ట్స్‌వాళ్ళు యమహా నమూనాతో రాజ్‌దూత్ 350 తెచ్చారు. గుర్రంలా పోయేదట, కానీ పెట్రోలు తాగేది. జీతాలమీద బతికేవాళ్ళు దాని జోలికి పోలేదు. కొన్నేళ్ళు తిరిగేసరికి దాని ఆట ముగిసింది.

ఆర్ఎక్స్ 100 మాత్రం అందరికీ అందింది. 1985 చివర్లో మొదలైంది. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచే వచ్చి ఇక్కడ బిగించేవాళ్ళు. 98 సీసీ ఇంజను, పదకొండు హార్స్‌పవర్, బరువు నూరు కిలోలు అటూ ఇటూ. ఇంత తేలిక బండికి అంత బలం ఉంటే ఏమవుతుంది? ఎగిరి దూకుతుంది. టూ స్ట్రోక్ అంటే ఏమిటని నేను మెకానిక్ భాయ్‌ని అడిగితే ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఫోర్ స్ట్రోక్ బండి రెండు చుట్లకోసారి పేలుతుందమ్మా, ఇది ప్రతి చుట్టుకీ పేలుతుంది. అందుకే అంత ఊపు. కానీ నూనె కూడా పెట్రోలుతో కలిసి కాలిపోతుంది, అందుకే పొగ." తాలింపులో నూనె మాడితే వచ్చే పొగే అన్నమాట. ఆ పొగే దాని ఆయువు తీసింది. 1996లో పొగ నిబంధనలు గట్టిపడగానే ఆర్ఎక్స్ 100 ఆపేశారు. మొత్తం మీద పదేళ్ళ చిల్లర. ఇంత తక్కువ కాలం అమ్మిన బండికి ఇంత పేరేమిటో!

మా నాయన పూతలపట్టు దగ్గర పల్లెలో బడిపంతులు. కాపురం చిత్తూరు కట్టమంచిలో. రోజూ బస్సు. బస్సు రాకపోతే సాయంత్రం దీపాల వేళకు ఇల్లు చేరేవాడు. బండి ఖరీదు ఆయన ఏడాది జీతం దాదాపు. చేతిలో సగమే ఉంది. తతిమ్మాదానికి అమ్మ తన నాలుగు సవర్ల గాజుల జత తీసి ఇచ్చింది. పుట్టింటివాళ్ళు పెట్టినవి. "మళ్ళీ చేయిస్తాలే మే" అన్నాడు నాయన. నేను ఆరో క్లాసు. ఆ మాట నా ముందే అన్నాడు. ఆ గాజులు మళ్ళీ రాలేదు. నా పెళ్ళి, అన్న చదువు, జేజి ఆసుపత్రి, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

కానీ ఆ బండి మీద అమ్మ చూసిన ఊళ్ళు చూస్తే ముచ్చటేసేది. కాణిపాకం ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. అర్ధగిరి, బోయకొండ, ఒకసారి పలమనేరు మీదుగా ముళబాగల్ దాకా. అంతకుముందు అమ్మ లోకమంతా ఇల్లు, పుట్టిల్లు, సంతే. బస్సుకు ఇద్దరి చార్జీ దండగ అనుకునే సంసారం మాది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన దేశంలో మోటారు సైకిలుకు వెనక చక్రం ఎడమ పక్కన ఒక ఇనుప జల్లెడలాంటిది ఉంటుంది చూశారా? శారీ గార్డు. మన ఆడవాళ్ళు ఒక పక్కకు కూర్చుంటారు కాబట్టి చీరకుచ్చిళ్ళు, కొంగు చక్రంలో పడకుండా పెట్టింది. ఎవరో దయతలచి పెట్టింది కాదు, 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. వెనక కూర్చునేవాళ్ళకు పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆనిక, చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలని. మగవాళ్ళకు ఈ మూడూ కంటికి ఆనవు. బండి చరిత్ర రాసేవాళ్ళు ఇంజను గురించి పేజీలు రాస్తారు, శారీ గార్డు గురించి ఒక్క వాక్యం ఉండదు.

(ఆడవాళ్ళు తామే నడిపిన జపాన్ బండి వేరే ఉంది లెండి. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా. గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేదు, మీట నొక్కితే స్టార్టు. నేను బండి నేర్చుకున్నది దాని మీదే. అది ఇంకో రోజు రాస్తాను.)

2001లో మా అన్న కాలేజీలో ఉన్నప్పుడు షోకు కోసం ఆ గార్డు విప్పి అటక మీద పడేశాడు. అది లేకపోతే బండి పందెం బండిలా ఉంటుందని. నాయన కూడా పోనీలే అన్నాడు. నెల తిరక్కుండానే పూతలపట్టు దాటాక అమ్మ కొంగు చక్రంలో చుట్టుకుంది. బండి నిదానంగా ఉంది కాబట్టి సరిపోయింది. అమ్మ కింద పడింది, కుడి మణికట్టు విరిగింది. గాజులుండాల్సిన చెయ్యే. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి పూర్తిగా తిరగదు. ఇప్పటికీ దోసెపిండి గట్టిగా కలపలేదు. నాయన ఆ రాత్రే అటకెక్కి గార్డు దించి, లాంతరు వెలుగులో తనే బిగించాడు. ఆ తరువాత ఏడాది పాటు అన్నను బండి ముట్టనివ్వలేదు.

నాయన పోయి ఆరేళ్ళు. అన్న బెంగుళూరులో ఉన్నాడు, నాకొద్దన్నాడు. అలా బండి, అమ్మ, ఇద్దరూ మా ఇంటికే వచ్చారు.

పాత బండిని ఉంచుకోవడమంటే ముసలి ఆవును ఉంచుకోవడమే. మా ఆయనకు మొదట్లో తెలీలేదు. వాడకపోతే కార్బొరేటరులో పెట్రోలు ఎండి జిగురవుతుంది. ఎక్కువ నూనె పోస్తే ప్లగ్గు నల్లబడుతుంది, తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. సైలెన్సరు లోపలి గొట్టం తీసి మసి గీకాలి. మా జేజి కట్టెల పొయ్యి గొట్టం గీకినట్టే, అంతే మసి. పిస్టను అరిగితే సిలిండరు బోరు కొట్టించి, కాస్త పెద్ద సైజు పిస్టను వెయ్యాలి. అలా రెండు మూడు సార్లే, ఆ తరువాత లోహం మిగలదు. ఇంజను కూడా మనలాగే, అరగదీసి అరగదీసి ఎంతని సాగుతుంది!

అసలు సామాన్లు దొరకడమే కష్టం. మా ఆయన సప్తగిరి ఎక్కి మద్రాసు పుదుపేటకు పోతాడు. పాత బళ్ళు విప్పి అమ్మే వీధి అది. పట్టుచీరలు తెస్తానని పోయి ఒకసారి క్లచ్ ప్లేట్లు తెచ్చాడు. కొత్తగా చేసిన నకిలీలు బోలెడు. చేత్తో బరువు చూసి అసలుదా కాదా చెప్తాడు మెకానిక్ భాయ్. మేము బంగారం చూసినట్టు.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఇంకో తంటా. టూ స్ట్రోక్ బండిలో నూనె పెట్రోలుతో వెళ్ళాలి. దిగుడులో యాక్సిలరేటర్ మూసేసి జారనిస్తే నూనె కూడా తగ్గిపోతుంది, లోపల ఇంజను మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే మధ్యమధ్యలో కాస్త రేజ్ ఇస్తూ దిగాలంటాడు భాయ్. వెనకవాళ్ళు అనుకుంటారు, ఈయనకేం పిచ్చి, దిగుడులో రేజ్ ఇస్తున్నాడని.

కాగితాల సంగతి సరేసరి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో మోటారు సైకిలుకు ఆ ఫీజు 300 నుంచి 1,000 చేశారు. ఇప్పుడు మళ్ళీ గడువు దగ్గరపడింది. దాంతోనే గొడవ మొదలైంది.

మా అబ్బాయి ఈ సెలవుల్లో బండిని కొత్తగా చేయిస్తానన్నాడు. రంగు, క్రోమ్, అన్నీ. సరే అన్నాం. ఆదివారం పొద్దున చూస్తే గార్డు విప్పి గోడకు ఆనించి ఉంది. "జపాన్‌లో ఇది ఉండదమ్మా. లేకుండానే అందం. కావాలంటే ఫోటోలు చూడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను అరిచాను, వాడూ అరిచాడు. మా ఆయన పేపరు చాటున దాక్కున్నాడు. పైగా అదే రోజు బెంగుళూరు నుంచి ఎవరో ఫోన్ చేశారు, బండి లక్షా ముప్పై వేలకు అడుగుతున్నారు. వాడే ఎక్కడో ఫోటో పెట్టాడట. "అమ్మేస్తే పోలా, పీడా పోతుంది" అనేశాను కోపంలో.

అంతసేపూ మాట్లాడని అమ్మ వసారాలోకి వచ్చింది. "లక్షా ముప్పై వేలా? నా గాజులు నాలుగు సవర్లు. ఇప్పుడు చేయిస్తే మూడు లక్షలు దాటుతుంది. ఆ లెక్కన ఇచ్చి తీసకపొమ్మను" అంది. ఎవరికీ నోట మాట రాలేదు. వాడికి ఆ గాజుల సంగతే తెలీదు. మేమెవరం చెప్పలేదు కదా.

అమ్మ వాడి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఆ గార్డును ఒళ్ళో పెట్టుకుని, కుడి చెయ్యి చాపి, మణికట్టు ఎంతవరకు తిరుగుతుందో చూపించింది. ఎందుకు తిరగదో చెప్పింది. ఎక్కడ పడిందో, ఏ చీరో కూడా చెప్పింది. ఆకుపచ్చ వెంకటగిరి చీరట. నాకే తెలీదు.

వాడు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. సాయంత్రం చూస్తే గార్డు తుప్పు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త నట్లు వేసి బిగిస్తున్నాడు. నాయన బిగించిన పాత బోల్టు ఒకటి అరిగిపోయింది, దాన్ని పారెయ్యకుండా జేబులో వేసుకున్నాడు. క్రోమ్ వేయించడానికి మళ్ళీ విప్పాలట. "విప్పి, వేయించి, మళ్ళీ బిగించేస్తా అవ్వా" అని అమ్మకు చెప్పుకుంటున్నాడు.

బెంగుళూరాయన రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. ఫోన్ అమ్మే తీసింది.