విడాకులకు వెల

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దల సామెత. పెండ్లికగు వ్యయమెట్టిదో యీ సామెత చెప్పుచున్నది. చెడిన పెండ్లినుండి వెలికి వచ్చుటకగు వ్యయమెంతయో చెప్పు సామెత మాత్రము మనకు లేదు. శాసనము విడాకుల హక్కు నిచ్చినచో చాలునని మనలో పలువురు తలంతురు. కాని హక్కునకు ద్వారముకడ సుంకము పెట్టి, ఆ సుంకము చెల్లింపలేనివారిని వెలుపల నిలిపినచో, అది యెల్లరి హక్కగునా, ధనికుల సొత్తగునా? ఇంగ్లండు దేశమున నీ ప్రశ్న నూఱేండ్లకు పైగా చర్చింపబడెను. ఆ చరిత్రము మన గృహములకును పనికివచ్చునని తలంచి యిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

1857కు పూర్వ మా దేశమున విడాకులు గోరు పురుషుడు మూడు ద్వారములు దాటవలసియుండెను. మొదట తన భార్యతో వ్యభిచరించినవానిపై నష్టపరిహారమునకు దావా వేయవలెను. పిమ్మట మతాధికారుల న్యాయస్థానమున వేఱుగ నుండుటకు తీర్పు పొందవలెను. తుదకు పార్లమెంటులో తన యొక్కని కొఱకే ప్రత్యేకశాసనమును చేయించుకొనవలెను. ఇందులకు వందలకొలది పౌనులు వ్యయమయ్యెడివి. రమారమి రెండు శతాబ్దములలో నిట్టి శాసనములు మూడువందలకు కొంచెము మించి మాత్రమే పుట్టినవి. వానిలో స్త్రీలు పొందినవి నాలుగే, మొదటిది 1801లో.

మఱి బీదవాడేమి చేసెను? కొందఱు చెప్పకుండ ఇల్లు విడిచిపోయిరి. కొందఱు రహస్యముగ రెండవ పెండ్లి చేసికొని చెఱసాల పాలైరి. కొన్ని తావుల భార్య మెడకు పలుపు తగిలించి సంతకు తోడ్కొనిపోయి వేలము వేయు దురాచారమును గలదు. దానికి శాసనబల మేమియు లేకున్నను, పామరుల కందుబాటులో నున్న విడాకులదియే. థామస్ హార్డీ 1886లో ప్రకటించిన నవల యొకటి యిట్టి విక్రయముతోనే యారంభమగుచున్నది. పశువును విక్రయించినట్లు స్త్రీని విక్రయించిన యా పాపమున, న్యాయమునకు మితిమీఱిన వెల కట్టిన పాలకులకును భాగము గలదని మా యభిప్రాయము.

1845లో వార్విక్ పట్టణమున నొక కూలివాడు రెండవ పెండ్లి చేసికొన్న నేరమునకై న్యాయాధిపతియగు మౌల్ ఎదుట నిలిచెను. మొదటి భార్య వానిని విడిచి పరపురుషునితో కాపురము చేయుచుండెను. న్యాయాధిపతి వాడు నడువవలసియుండిన మార్గమును, మూడు ద్వారములను, ఒక్కొక్కదాని ఖర్చును వరుసగ వర్ణించి, ధనికునకు దరిద్రునకు శాసన మొక్కటియే సుమా యని వ్యంగ్యముగ ముగించెను. ఆ మాటలు దేశమంతట ప్రాకినవి. అదే కాలమున కేరొలిన్ నార్టన్ అను రచయిత్రి, తాను వ్రాసి సంపాదించిన ధనము సైతము భర్త కధీనమగుట నెత్తిచూపి 1854లోను 1855లోను కరపత్రములు ప్రకటించెను. సొంతధనమే లేని స్త్రీ న్యాయస్థానమున కేమి తీసికొని పోగలదు?

1857 శాసనము విడాకులను పార్లమెంటునుండి న్యాయస్థానమునకు దింపెను. కాని యా న్యాయస్థానము లండనునందొక్కచోటనే యుండెను. భర్తకు భార్య వ్యభిచారము చాలును; భార్యకో, భర్త వ్యభిచారముతో బాటు క్రౌర్యము గాని పరిత్యాగము గాని మఱియొక ఘోరము గాని నిరూపింపవలసివచ్చెను. 1878లో, తన్నులు తిన్న భార్యలకు స్థానిక మేజిస్ట్రేటులే వేఱుగ నుండు హక్కును మనోవర్తిని ఇప్పించు శాసనము వచ్చెను. చౌకయైన యుపాయమే, ఐనను మరల పెండ్లి చేసికొను స్వాతంత్ర్యము దానిలో లేదు. ధనికురాలి కట్టు విప్పబడెను. బీదరాలి కట్టు వదులు మాత్రము చేయబడెను.

నిరుపేదలు రుసుము లేకుండ వ్యాజ్యము నడుపుటకు 1495 నాటి పురాతనశాసన మొకటి యుండెను. కట్టుబట్టలు గాక ఐదు పౌనుల యాస్తియైన లేదని ప్రమాణము చేయవలెను. ఆ పరిమితి 1883లో ఇరువదియైదు పౌనులయ్యెను. కాని రుసుము తీసివేసినంతమాత్రమున లండనుకు సాక్షులను తోడ్కొనిపోవు ప్రయాణవ్యయము, పోయిన కూలి యెవరిత్తురు?

1909లో గోరెల్ ప్రభువధ్యక్షుడుగ రాయల్ కమీషను కూర్చుండెను. దానియెదుట, కార్మికుల గృహిణులు సభ్యులుగాగల మహిళా సహకార గిల్డు పక్షమున మార్గరెట్ ల్యువెలిన్ డేవీస్ సాక్ష్యమిచ్చెను. సభ్యురాండ్ర యనుభవములను సేకరించి, అంతవఱకు గడపలోపలనే యడగియున్న దుఃఖమును ప్రభుత్వము ముందుంచెను. 1912లో కమీషను సభ్యులలో నధికసంఖ్యాకులు స్త్రీపురుషులకు సమానహేతువులును, బీదలకు స్థానికన్యాయస్థానములును కావలెనని తెల్పిరి. మతాభిమానుల యొత్తిడివలన 1914లో సహకారసంఘములు గిల్డునకిచ్చు నాలుగువందల పౌనుల సాలుసరి విరాళము నిలిచిపోయెను. విడాకుల మాట విడిచినచో ధనము వచ్చునన్నను ఆ గృహిణులు విడువక, నాలుగేండ్లు తమ చిల్లర చందాలతోనే సంఘమును నడుపుకొనిరి. చదువరు లీ ఘట్టమును మఱవకుందురుగాక!

1914లో బీదజనుల వ్యాజ్యనిబంధనలు వచ్చెను. ఏబది పౌనులకు లోబడిన యాస్తిగలవారికి వకీళ్లు ధర్మార్థము పనిచేసిరి. వచ్చిన వ్యాజ్యములలో విడాకులవియే మిక్కిలి. 1923లో హేతువులు సమానమయ్యెను. 1937లో క్రౌర్యము, పరిత్యాగము, ఉన్మాదము వేర్వేఱ చాలిన హేతువులయ్యెను. వ్యాజ్యములు పెరిగినకొలది ధర్మార్థము చేయు వకీళ్లు చాలరైరి. తుదకు 1949లో న్యాయసహాయశాసనము పుట్టి, నిరుపేదల వకీలు ఖర్చు ప్రభుత్వమే భరించుటకును, కొంత శక్తిగలవారు తమ శక్తికొలది చెల్లించుటకును ఏర్పాటయ్యెను. నిన్నటి భిక్ష నేడు హక్కయ్యెను.

ఐనను వచ్చినదెల్ల నిలువలేదు. 1977లో ఎదురువాదము లేని విడాకుల వ్యాజ్యములకు సహాయము తీసివేసిరి. 2013నుండి గృహహింసకు నిదర్శనము చూపగలవారు మొదలగు కొందఱికి దక్క, దంపతుల వివాదములకు సహాయము రద్దయ్యెను. 2022లో పరస్పరదోషారోపణ లేని విడాకులు వచ్చుట మంచిదే. అర్జీరుసుము మాత్ర మప్పుడు 593 పౌనులు. అల్పాదాయులు వేఱుగ నర్జీ పెట్టుకొని దానిని తగ్గింపించుకొనవచ్చును. కాని తెలిసినవారికే యా మేలు.

ఇక మన సంగతి. ఇంగ్లండున న్యాయసహాయశాసనము పుట్టిన 1949లోనే మద్రాసు రాష్ట్రమున హిందువులకు విడాకుల శాసనము పుట్టెను. దాని స్థానమున వచ్చిన 1955 హిందూ వివాహశాసనపు 24వ విభాగము ప్రకారము, తగిన స్వతంత్రాదాయము లేని భార్య గాని భర్త గాని వ్యాజ్యపు ఖర్చును, అది ముగియువఱకు జీవనభృతిని రెండవవారినుండి యిప్పింపుమని కోరవచ్చును. 1987లో చేయబడి 1995లో నమలునకు వచ్చిన న్యాయసేవాధికారశాసనము ప్రకారము స్త్రీలకు ఆదాయపరిమితితో నిమిత్తము లేకయే ఉచితముగ న్యాయవాది దొరకును; జిల్లా న్యాయసేవాధికార సంస్థలో నర్జీ యిచ్చిన చాలును. ఇంగ్లండు గృహిణులు పోరాడి పొందినదానికంటె నీ యంశమున మన శాసన ముదారమైనది.

ఐనను నగలు కుదువబెట్టి వకీలు నాశ్రయించువారిని, ఖర్చునకు వెఱచి దెబ్బలు సహించువారిని మన మింకను చూచుచునే యున్నాము. కాపురము నిలుపుకొనగలవారు నిలుపుకొందురుగాక. నిలువని కాపురమున నొక స్త్రీని దారిద్ర్యమే బంధించియుంచినచో, దానిని పాతివ్రత్యమని పొగడుట మనకు సిగ్గుచేటు. ఈ వ్యాసము చదివిన గృహిణులు తమ యింట పనిచేయు స్త్రీకి, వీధిలోని యభాగ్యురాలికి ఈ విభాగపు సంఖ్యను, ఆ సంస్థ పేరును చెప్పుదురేని మా శ్రమ ఫలించినట్లే.