పిడకల దాలి నుంచి పైపు గ్యాసు దాకా

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "మనింటికి గ్యాసు ఎప్పుడొచ్చింది?" పెళ్లి తేదీ తడుముకునేవాళ్లు కూడా దీనికి ఠక్కున జవాబు చెప్తారు. చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడనో, పెద్దదాన్ని బళ్లో వేసిన ఏడాదనో గుర్తులు కూడా చెప్తారు. ఇప్పుడు పేపర్లలో స్వచ్ఛ ఇంధనాలని, ఎనర్జీ ట్రాన్సిషన్ అని రోజూ ఏదో ఒకటి రాస్తున్నారు. సోలార్ అంటారు, హైడ్రోజన్ అంటారు, ఎలక్ట్రిక్ కార్లంటారు. అలాంటి మార్పుని మన ఆడవాళ్లు వంటింట్లో ఎప్పుడో చూసేశారు. కట్టెల నుంచి కిరసనాయిలుకి, అక్కణ్ణుంచి గ్యాసుకి మారారు. ఆ కథలో ఇప్పటికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. అదే ఇక్కడ చెప్పుకుందామని.

మా అమ్మమ్మ కాలంలో వంటలో సగం పని పొయ్యిదే. వానలు పడకముందే కట్టెలు కొట్టించి వసారాలో పేర్చుకోవాలి. పిడకలు చేసి గోడకి కొట్టి ఎండబెట్టాలి. తెల్లవారుతూనే పొయ్యి అలికి, ముగ్గేసి, ఊదుగొట్టం పట్టుకుని కూర్చోవాలి. పాలు దాలి మీద సాయంత్రం దాకా కాగేవి. ఆ ఎర్రటి మీగడ రుచి గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అమ్మమ్మ దగ్గు గురించి మాత్రం ఎవరం చెప్పుకోం. ఇంట్లో వంట పొగ, మసి వల్ల 2020లో ప్రపంచం మొత్తమ్మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ పొగ ఎక్కువగా పీల్చేది పొయ్యి దగ్గరుండే ఆడవాళ్లూ, వాళ్ల కొంగు పట్టుకు తిరిగే పిల్లలూ.

ఈ పొగ సంగతి చాలా ముందుగానే పట్టించుకున్న మనిషి ఒకరు మన హైదరాబాదులోనే ఉన్నారు. ఆయన పేరు డాక్టర్ ఎస్.పి. రాజు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌కి డైరెక్టరు. అంత పెద్ద ఇంజనీరు కూర్చుని మట్టి పొయ్యి గురించి ఆలోచించారు. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. ఆయన పొయ్యిలో మంట ఒక్కచోటే. ఆ వేడి లోపలి దారి గుండా పక్క గిన్నెల కిందికీ వెళ్తుంది. మిగిలిన పొగ చివర్న గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది. పొగ, మసి, ఉక్క, కట్టెల దుబారా, నిప్పంటుకునే భయం ఇవేవీ ఆడవాళ్లకి ఉండకూడదన్నది ఆయన తాపత్రయం.

మరి అది ఇంటింటికీ ఎందుకు చేరలేదు? జవాబు ఆ తర్వాత దేశమంతా జరిగిన ప్రయత్నంలో దొరుకుతుంది. మెరుగైన పొయ్యిల కోసం కేంద్ర ప్రభుత్వం 1983లో జాతీయ పథకం పెట్టింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచి, 2002లో ఆపేసింది. చాలా ఇళ్లలో అవి కొన్నాళ్లకే మూలపడ్డాయి. గొట్టం మసి పట్టేది, మట్టి పగిలేది, బాగుచేసే దిక్కుండేది కాదు. ఇంట్లో ఉన్న గిన్నెలు ఆ కంతలకి కుదిరేవి కావు. వీటన్నిటికీ మించిన కారణం ఇంకోటుంది. ఏరుకొచ్చే కట్టెలకి డబ్బులక్కర్లేదు. ఏరే ఆడమనిషి కష్టానికి ఎవరూ వెల కట్టలేదు. అందుకే కట్టెలు ఆదా చేయడం ఇంట్లో ఎవరికీ అవసరంగా కనిపించలేదు.

పట్నాల్లో కట్టెల తర్వాత రాజ్యమేలింది కిరసనాయిలు. వత్తుల స్టవ్వు, గర్రుమనే పంపు స్టవ్వు, రేషన్ షాపు ముందు డబ్బాల వరస, ఇవి చూసినవాళ్లం ఇంకా చాలామందిమి ఉన్నాం. ఎక్కడో అరబ్బు దేశాలు 1973 అక్టోబరులో చమురు బిగించేసరికి కొద్ది నెలల్లోనే ప్రపంచ మార్కెట్లో ధర దాదాపు నాలుగింతలైంది. తక్కువ నూనెతో ఎక్కువ వేడినిచ్చే నూతన్ స్టవ్వుని ఇండియన్ ఆయిల్ తయారుచేసింది ఆ పదేళ్లలోనే. ఈ కిరసనాయిలు రోజులకి ఒక చీకటి ముఖం కూడా ఉంది. 'స్టవ్వు పేలి గృహిణి మృతి' అని పేపర్లో వచ్చే వార్తల్లో కొన్ని నిజంగా ప్రమాదాలు. కొన్ని మాత్రం కట్నం కోసం చేసిన హత్యలు. వరకట్న చావుల మీద 1986లో ప్రత్యేకంగా చట్టంలో సెక్షన్ చేర్చాల్సి వచ్చిందంటే ఆ వార్తలు ఎన్ని వచ్చాయో ఊహించుకోండి.

ఇక గ్యాసు. విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ 1957లోనే మొదలైంది. తర్వాత ప్రభుత్వం దాన్ని తీసుకుని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చింది 1965లో. కానీ ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు వంటగ్యాసు వచ్చేది కొంచెమే. అడిగేవాళ్లు బోలెడు. దాంతో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఎంపీల దగ్గర గ్యాసు కూపన్లుండేవి, వాటికోసం పెద్ద పెద్ద సిఫార్సులు నడిచేవి. 2000 ప్రాంతానికి గాని ఆ వెయిటింగ్ లిస్టులు కరగలేదు. గ్యాసొచ్చిన ఏడాది పెద్దవాళ్లకి అంత గట్టిగా గుర్తుండటంలో వింతేముంది!

అప్పటిదాకా గ్యాసంటే ఉద్యోగస్థుల ఇళ్లలో కనిపించే వస్తువు. పేదింటికి దాన్ని తీసుకెళ్లే ప్రయత్నం పెద్దయెత్తున జరిగింది మన దగ్గరే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. మా కొండాపూర్ తలరాత మారింది అక్కణ్ణుంచే. ఆ తర్వాత ఎనిమిది నెలలకి, 1999 జులైలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల్లోని పేద మహిళల పేరునే కనెక్షన్, డిపాజిట్ కట్టేది ప్రభుత్వం. ఇంట్లో ఒక ఖరీదైన వస్తువు ఆడమనిషి పేరు మీద ఉండటం చాలా కుటుంబాల్లో అదే మొదలు.

కొన్నేళ్లకి ప్రపంచ బ్యాంకు వాళ్లు ఈ పథకం ఎలా నడుస్తోందో చూశారు. బండ ఇంట్లో ఉంది, కట్టెల పొయ్యీ ఉంది. టీకి, చుట్టాలొచ్చినప్పుడు, వాన పడ్డప్పుడు గ్యాసు. అసలు వంట కట్టెల మీదే. ఎందుకని? కూలి డబ్బు ఏ రోజుకారోజు వస్తుంది. కిరసనాయిలైతే లీటరో అరలీటరో తెచ్చుకోవచ్చు. 14.2 కిలోల గ్యాసుకి మాత్రం డబ్బంతా ఒక్కసారే కట్టాలి. 2016 మే 1న బలియాలో మొదలైన ఉజ్జ్వల పథకం మూడేళ్లలో ఎనిమిది కోట్ల కనెక్షన్లిచ్చింది. అక్కడా ఇదే చిక్కు ఎదురైంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయలకి బండ, ఆంధ్రలో అదే ఏడాది నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత బండలు ఇవ్వడానికి కారణం ఇదే. కనెక్షన్ ఒక్కసారి ఇస్తే సరిపోతుంది, బండ మాత్రం మళ్లీ మళ్లీ నింపుకోవాలి.

ఇది ఎక్కడో పల్లెల ముచ్చట అనుకోకండి. మా వీధికి వస్తే మూడు కాలాలూ ఒకేచోట కనిపిస్తాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో పైపు గ్యాసు. హైదరాబాదులో దాన్ని సరఫరా చేసే భాగ్యనగర్ గ్యాస్ కంపెనీ 2003లో పుట్టింది. పాత ఇళ్లలో ఎర్ర బండ. కట్టే బిల్డింగుల పక్కన రేకుల షెడ్లలో మూడు రాళ్ల పొయ్యి, అందులో సెంట్రింగు చెక్కముక్కలు. మా ఇంట్లో పనికొచ్చే ఆమెకి గ్యాసుంది. 2022లో హైదరాబాదులో బండ ధర 1100 దాటినప్పుడు, "ఎట్ల నడిపిస్తున్నవు?" అని అడిగాను. "పొద్దుగాల పిల్లల టిఫినుకే గ్యాసమ్మా. నీళ్లు కాగవెట్టుడు, అన్నం వండుడు కట్టెల మీదనే. గ్యాసు రెండు నెలలకంటె ముందుగాల అయిపోతే మా ఆయన లొల్లి వెడ్తడు," అంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019-21) తెలంగాణలో దాదాపు 92 శాతం ఇళ్లు స్వచ్ఛ ఇంధనంతో వండుతున్నట్టు వచ్చింది. దేశం మొత్తమ్మీద అది 59 శాతమే. గర్వపడాల్సిన అంకె, కాదనను. కానీ ఆ సర్వేలో అడిగేది ఇంట్లో ముఖ్యంగా ఏది వాడతారని. గ్యాసు పక్కనే వెలిగే రెండో పొయ్యి ఆ అంకెలో కనపడదు.

ప్రపంచం కథ కూడా మన వంటింటి లాంటిదే. బొగ్గొచ్చిందని కట్టెలు పోలేదు, చమురొచ్చిందని బొగ్గు పోలేదు. సోలార్ ఇంత పెరిగినా ప్రపంచంలో బొగ్గు వాడకం ఈ మధ్యే ఎన్నడూ లేనంత ఎత్తుకి చేరింది. మనం వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచి. అక్కడ ఓడలు ఆగితే ఇక్కడ పోపు మాడుతుంది. పోనీ ఇండక్షన్ స్టవ్వుకి మారదామంటే, ఆ కరెంటులో ఎక్కువ భాగం సింగరేణి బొగ్గుదే. మన ఇంట్లో పొగ లేదంటే ఎక్కడా లేదని కాదు, ఆ పొగ రామగుండంలో లేస్తోంది. అయితే అదే రామగుండంలో రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. 2022 జులై నుంచి అవి పూర్తిగా పనిచేస్తున్నాయి. మార్పు రావడం లేదనలేం. పాతది పోకుండా దాని పక్కన కొత్తది వచ్చి చేరుతోంది.

ఇందులో నాకు తెలిసొచ్చిందల్లా ఒకటే. ఏ ఇంధనమైనా పేదింట్లో నిలవాలంటే అది ఆ ఇంటి ఆడమనిషి చేతిలో రోజూ ఉండే డబ్బుకి అందాలి, దాన్ని ఎప్పుడు వెలిగించాలో తేల్చే మాట కూడా ఆమెదే కావాలి. రేపు సోలార్ పొయ్యిలొచ్చినా, ఇంకేదొచ్చినా ఎన్ని లక్షలు పంచారని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఆరు నెలల తర్వాత ఎన్ని వెలుగుతున్నాయని కూడా అడగండి. మన దగ్గర పనిచేసేవాళ్లని గ్యాసు ఉందా అని కాకుండా, ఈ నెల బండ తెచ్చుకోగలిగావా అని అడగండి. ఆ నెలకి డబ్బు సరిపోలేదంటే జీతంలోంచి ముందుగా కొంత ఇవ్వడం మన చేతిలో పనే. ఆ పొగ పీల్చే పిల్లలు రేపు బడికెళ్లాల్సినవాళ్లు.