అరుగుదల

‘మోకాళ్లు అరిగిపోయాయి’ అంటాం. ‘తిన్నది అరగలేదు’ అనీ అంటాం. రెండింటికీ ఒకటే క్రియ: అరుగు. ఉన్నది కొద్దికొద్దిగా తరగడమే అందులోని భావం. సంస్కృతంలో ‘జీర్ణం’ కూడా అంతే: శిథిలమైన గుడికీ, అరిగిన తిండికీ అదే మాట.

సాన మీద అరగదీసిన గంధం రాతికి అంటుకుంటుంది. ఉక్కు మీద రాపిడి పడ్డ ప్లాస్టిక్కూ అలాగే పలుచని పొరగా లోహాన్ని పట్టుకుంటుంది. ఆ పొర నిలిస్తే అరుగుదల నెమ్మదిస్తుంది. బ్రిటిష్ వైద్యుడు జాన్ చార్న్‌లీ కృత్రిమ తుంటి కీలులో ఉక్కు గుండుకు జతగా మొదట టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన గిన్నె పెట్టారు. అది ఎంతో నున్ననిది, అయినా త్వరగా అరిగిపోయింది. 1962లో మరో ప్లాస్టిక్, పాలిథిలిన్ వాడారు, అది మన్నింది. జారే గుణం వేరు, అరగని గుణం వేరు. మన ‘అరుగుదల’ ఆ రెండో గుణాన్నే కొలుస్తుంది.